మూడో తీగ

ఆ కాగితంలో వారిజకి అన్నీ నచ్చాయి, రెండో వరస చివర ఉన్న ఒక్క చోటు తప్ప. అక్కడ రెండు స్వరాలు ఒకేసారి మీటాలి. మీటిన ప్రతిసారీ అన్నంలో రాయి తగిలినట్టయ్యేది.

కాగితం ఒస్వాల్డ్ మాస్టారిది. వాల్తేరు రైల్వే కాలనీలో పాతికేళ్లుగా గిటారు నేర్పుతున్నారాయన. పాటలకి తోడుగా గలగలలాడించే గిటారు కాదు, నైలాన్ తీగల మీద గోళ్లతో ఒక్కో స్వరాన్నీ విడిగా పలికించే క్లాసికల్ గిటారు. ముప్పై ఏళ్ల కిందట ఆయన తన కోసం మాటల్లేని ఒక చిన్న గిటారు పాట రాసుకున్నారు. ఎవరికీ వినిపించలేదు. పాత కాగితం చెదలు తినేస్తే, ఈ మధ్యే జ్ఞాపకం మీద మళ్లీ రాశారు. వాయిద్దామంటే ఎడమచేతి వేళ్లు మొండికేశాయి. అందుకని ఆదివారం స్కూలు హాల్లో వారిజ వాయించాలి. ఆయన రాసింది నలుగురి ముందు మోగడం అదే మొదటిసారి.

వారిజ బొబ్బిలి పిల్ల. గిటారు పట్టకముందు మేనత్త దగ్గర పదేళ్లు వీణ నేర్చుకుంది. తన చెవి మీద తనకి నమ్మకం ఎక్కువ. ఇంటికెళ్లి వీణ తీసి ఆ రెండు స్వరాలూ వెతికింది. కిందిదాన్ని షడ్జమం అనుకుంటే పైది ప్రతిమధ్యమం. మెట్లు లెక్కపెట్టింది. షడ్జమం నుంచి పై షడ్జమానికి పన్నెండు మెట్లు, ఇది సరిగ్గా ఆరోది. ఇటు నుంచి ఆరే, అటు నుంచి ఆరే. మాస్టారి పుస్తకాల్లో ఈ దూరానికి ట్రైటోన్ అని పేరు కూడా ఉంది.

కల్యాణి రాగంలో ఈ ప్రతిమధ్యమమే ఎంత ముద్దొస్తుంది. కానీ అక్కడ అది వచ్చి పంచమం మీద వాలిపోతుంది. ఇక్కడ షడ్జమంతో కలిపి మోగించి, అలాగే నిలబెట్టమంటున్నారు మాస్టారు. ఎందుకో ఆమెకి అంతుచిక్కలేదు.

ఆలోచించగా ఆలోచించగా ఒకటి తోచింది. మాస్టారికి డెబ్బై ఆరేళ్లు. ఏం చెప్పినా "ఆఁ?" అని రెండోసారి చెప్పిస్తారు. శ్రుతి చేసేటప్పుడు చెవి గిటారు పెట్టెకి ఆనించి మరీ వింటారు. వినికిడి తగ్గి, మళ్లీ రాసేటప్పుడు ఒక మెట్టు తక్కువ రాసేసి ఉంటారు. అది పంచమమే అయ్యుంటుంది. పెద్దాయన నలుగురిలో నవ్వులపాలవుతారేమోనని ఆమెకి నిజంగానే బాధేసింది.

అందుకని తనే దిద్దేసింది. మూడో తీగని వీణ మీద లాగినట్టు పక్కకి లాగి, ఆ స్వరాన్ని పంచమం దాకా తీసుకెళ్లింది. నైలాన్ తీగ అంత తేలిగ్గా లొంగదు కానీ, పదేళ్ల వీణ వేళ్లవి. రాయి పోయింది. నాలుగో వరసలో అవే రెండు స్వరాలు మళ్లీ వస్తాయి. అక్కడా లాగింది. ఆ తర్వాత పాట ఉన్నట్టుండి వేరే శ్రుతిలోకి దూకేస్తుంది. పాత చీరకి ఎవరో కొత్త అంచు అతికించినట్టుండేది. అదీ మాస్టారి మతిమరుపేననుకుంది.

మూడు వారాలు అలాగే వాయించింది. మాస్టారు ఒక్క మాట అనలేదు. ఆమె వాయించడం అయ్యాక గిటారు తీసుకుని, చెవి ఆనించి, శ్రుతి దిగిపోయిన మూడో తీగని మళ్లీ బిగించి ఇచ్చేవారు. అంతలా లాగితే ఏ తీగైనా దిగుతుంది. ఎందుకు దిగుతోందని కూడా అడగకపోయేసరికి, పాపం ఆయనకి ఏమీ వినబడడం లేదని వారిజ తేల్చేసుకుంది.

శనివారం పొద్దున్న ఇక దాచలేకపోయింది.

"మాస్టారూ, రెండో వరస చివర నేను కొంచెం మార్చానండి."

"ఆఁ?"

"మార్చానండి," అంది గొంతు పెంచి. "మీరు ఒక మెట్టు తక్కువ రాసినట్టున్నారు."

మాస్టారు కోప్పడలేదు. "ఏదీ, ముందు నేను రాసినట్టు పట్టు," అన్నారు.

వారిజ చూపుడు వేలు నాలుగో తీగ మూడో మెట్టు మీద, నడిమి వేలు మూడో తీగ నాలుగో మెట్టు మీద పెట్టి మీటింది. మళ్లీ అదే రాయి.

"కింది స్వరాన్ని ఒక మెట్టు దింపు. పైదాన్ని ఒక మెట్టు ఎక్కించు."

అలాగే చేసింది. సొంత వీధి మలుపు తిరిగినట్టుంది. రెండో వరస తర్వాత పాట చేరేది ఇక్కడికే.

"మొదటికి రా."

వచ్చింది. ఈసారి మాస్టారు తన బిగుసుకుపోయిన వేళ్లతో ఆమె వేళ్లు పట్టుకుని కింది స్వరాన్ని ఒక మెట్టు ఎక్కించి, పైదాన్ని ఒక మెట్టు దింపారు. ఆమె మీటింది.

ఇదీ అంతే హాయిగా ఉంది. కానీ ఇది ఆ వీధి కాదు. నాలుగో వరస తర్వాత పాట దూకే ఆ వేరే శ్రుతి ఇదే.

వారిజ వేళ్లు వాటంతటవే మొదటికి వచ్చాయి. అటు వెళ్లింది. వెనక్కొచ్చింది. ఇటు వెళ్లింది. బయల్దేరేది అవే రెండు స్వరాల దగ్గర, చేరేది రెండు వేరే ఊళ్లు. నమ్మలేక అయిదారుసార్లు తిరిగింది. మాస్టారు అడ్డు చెప్పకుండా చూస్తూ కూర్చున్నారు.

"ఇప్పుడు నువ్వు మార్చినట్టు వాయించు."

తీగ లాగింది. పంచమం తియ్యగా, నిండుగా మోగింది.

"ఇక్కణ్నుంచి ఎక్కడికెళ్తావమ్మా?"

వేళ్లు కదపబోయి ఆగింది వారిజ. ఎక్కడికీ వెళ్లాలనిపించలేదు. తీగ మోత సన్నగిల్లి పూర్తిగా ఆగిపోయేదాకా అలాగే ఉండిపోయింది. ఆమెకి చాలా సిగ్గేసింది. మాస్టారు లేచి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లారు.

ఆదివారం హాలు సగమే నిండింది. రెండో వరస చివరికి వచ్చేసరికి వారిజ నడిమి వేలు అలవాటుగా పక్కకి జరగబోయింది. ఆపుకుంది. రెండు స్వరాలూ అలాగే నిలబడి మోగాయి. ముందు వరసలో ఫోను చూసుకుంటున్న ఒకావిడ తలెత్తింది. పాట మలుపు తిరిగి సొంత వీధికి చేరింది. నాలుగో వరసలో ఆ రెండే మళ్లీ వచ్చినప్పుడు, ఎటు వెళ్తుందోనని హాలంతా కనిపెట్టుకుని ఉన్నట్టనిపించింది ఆమెకి. వెనక కుర్చీలో మాస్టారు కళ్లు మూసుకుని ఉన్నారు.

అందరూ వెళ్లాక గిటారు తెచ్చి ఆయన చేతికిచ్చింది. తలొంచుకుని, తనకే సరిగా వినబడనంత మెల్లగా అడిగింది.

"మూడు వారాలూ విన్నారా మాస్టారూ?"

ఈసారి ఆయన "ఆఁ" అనలేదు. గిటారు పెట్టెకి చెవి ఆనించి, బొటనవేలితో మూడో తీగని ఒక్కసారి మీటారు.

"ఇవాళ దిగలేదు," అన్నారు.