బుచ్చి మెచ్చిన పుస్తకాలు

కందివలసలో ఎవరింట్లో ఏది తక్కువైనా, గొర్లె సూరప్పడి ఇంట్లో తెలివి మాత్రం తక్కువ కాదు. ఈ మాట ఊరు అనలేదు, సూరప్పడే అనేవాడు. అతని భార్య అచ్చియమ్మ అవునని తలూపేది. అక్కాబావల దగ్గరే ఉండే తమ్ముడు తవుడు, "ఉండాల్సినదాని కంటే కొంచెం ఎక్కువే ఉంది బావా, ఎండలొచ్చాయి కదా, కాస్త ఆరబెట్టుకుందాం" అనేవాడు.

"మిగతావాళ్ళు మాట వింటారు. విని ఊరుకోరు, దానికి అర్థాలు వెతుక్కుంటారు. అక్కడే చెడిపోతారు," అని సూరప్పడు మీసం దువ్వేవాడు. "మనకా రోగం లేదు. ఏది చెప్తే అది చేస్తాం. అంతే."

నిజమే. మొన్నామధ్య తవుడి కాలికి డాక్టరు కట్టు కట్టి, తడి తగలనివ్వకు అన్నాడు. కట్టు విప్పేదాకా తవుడు ఆ కాలికి గొడుగు పట్టుకునే తిరిగాడు. ఇంట్లో కూడా.

ఇంత తెలివైన ఇంట్లోనూ ఒక లోటుంది. పిల్లల్లేరు. అందుకే అచ్చియమ్మకి చెల్లెలి కూతురు దీపాంజలి అంటే ప్రాణం. పద్నాలుగేళ్ళ పిల్ల, విశాఖపట్నంలో చదువుతోంది. పోయిన వేసవిలో వచ్చి, ఇక్కడ ఏమీ తోచట్లేదు పెద్దమ్మా అని మూడోనాడే బ్యాగు సర్దుకుంది. ఆవేళ బస్సు కనుమరుగైపోయాక కూడా అచ్చియమ్మ చెయ్యి ఊపుతూనే నిలబడింది. ఆపమని ఎవరూ చెప్పలేదు మరి.

ఈసారి చెల్లెలు వరహాలు ముందుగానే ఫోన్ చేసింది.

"అప్పా, దీపుని పంపిస్తాను గానీ ఒక్క మాట. దానికిప్పుడు ఫాంటసీ పుస్తకాల పిచ్చి పట్టింది. మంచివి తెచ్చి పెట్టావంటే సెలవులన్నీ నీ దగ్గరే ఉంటుంది. లేదంటే మళ్ళీ మూడోనాడే వచ్చేస్తుంది. వస్తే ఏదో ఒక కోచింగులో వేసేస్తాను. ఇక ఏ వేసవికీ పంపను."

"ఫాంటసీ అంటే ఏటే?"

"మాయలు, మంత్రాలు, రాక్షసులు, రెక్కల గుర్రాలు. దాని వయసు వాళ్ళకి రాసినవి. ఏది పడితే అది తేకు అప్పా, బాగా చూసి ఎంచు."

ఎంచడమా. అచ్చియమ్మ నవ్వుకుంది. ఆవకాయకి మామిడికాయ ఎంచడంలో ఆమెని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఇంకేముంది, సంచీ పట్టుకుని ముగ్గురూ పార్వతీపురం బస్సెక్కారు.

పుస్తకాల షాపు నడిపేది రమామణి గారని ఒక కళ్ళద్దాలావిడ. పిల్లల పుస్తకాల అర చూపించి పక్కకి తిరిగిందో లేదో, టకటకమని చప్పుడు. తవుడు ఒక్కో పుస్తకాన్నీ చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొడుతున్నాడు. అచ్చియమ్మ ముచ్చిక ఉండాల్సిన చోట వాసన చూస్తోంది. సూరప్పడు ఒకదాని మూల కొరికి, కళ్ళు మూసుకుని నములుతున్నాడు.

"అయ్యా, అయ్యా, ఏమిటది? అది పుస్తకం."

"మాకు తెలుసమ్మా," అన్నాడు సూరప్పడు మింగేసి. "కాయైతే టెంక కూడా చూసేవాళ్ళం. దీంట్లో పులుపు లేదు. పీచు మాత్రం బాగా ఉంది."

రమామణి గారు గబగబా ఆ పుస్తకం లాక్కుని దాచేసింది. పిల్లకి ఎన్నేళ్ళో కనుక్కుని, తనే మూడు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి గాలిగుర్రం. ఒకటి ఏడుమెట్ల కింది ఊరు. ఇంకొకటి నిప్పులకొండ డ్రాగన్, నున్నటి అట్టతో మెరిసిపోతోంది. అచ్చియమ్మ ఆశగా గాలిగుర్రం అందుకుంది. అట్ట మీద 'పన్నెండు నుంచి పదహారేళ్ళ వారికి' అని ఉంది. అంతే, కాలినట్టు కింద పెట్టేసింది.

"నాకు నలభై దాటాయమ్మా. తెరిస్తే తప్పు కదా. మరి మంచిదో కాదో మాకెలా తెలుస్తుంది?"

రమామణి గారికి అప్పటికే ఓపిక అడుగంటింది. "ఆ వయసు వాళ్ళకిచ్చి చూడండమ్మా. మొదలుపెడితే ఆఖరి పేజీ దాకా వదలకుండా కూర్చుంటే అది మంచి పుస్తకం. ముట్టుకోకపోతే కాదు. నచ్చనిది నలగకుండా తెచ్చిస్తే వేరేది ఇస్తాను."

ఎంత తేలిక. ముగ్గురూ పుస్తకాలు తువ్వాల్లో చుట్టుకుని, దారిలో అట్టలైనా కంటపడకుండా ఇంటికి తెచ్చారు. తీరా చూస్తే ఊళ్ళో ఆ వయసు పిల్లలు ఒక్కరూ లేరు. అందరూ సెలవులకి మేనమామల ఇళ్ళకి పోయారు.

"పన్నెండు దాటి పదహారు లోపు," అని తవుడు పెరట్లో పచార్లు చేసి, ఉన్నట్టుండి ఆగాడు. "అప్పా, మన బుచ్చికి పోయిన కార్తీకంతో పదమూడు నిండాయి కదా."

బుచ్చి వాళ్ళ గేదె.

అచ్చియమ్మ తమ్ముడి తల నిమిరింది. ఇంట్లో ఇంత తెలివి పెట్టుకుని ఊరంతా తిరిగాం అనుకుంది. బుచ్చిని కడిగి బొట్టు పెట్టి, నీడలో కట్టేశారు. గాలిగుర్రం పుస్తకాన్ని విప్పి దాని ముందు పట్టుకుంది అచ్చియమ్మ. నలభై దాటినవాళ్ళు చూడకూడదు కాబట్టి కళ్ళు గట్టిగా మూసుకుంది. సూరప్పడూ, తవుడూ గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"చదువుతోందా?" అన్నాడు సూరప్పడు.

"చదువుతున్నట్టే ఉంది. ఊపిరి తగులుతోంది."

"పేజీలు తిరుగుతున్నాయా?"

"ఒక్కోటి కాదయ్యా, నాలుగేసి తిప్పేస్తోంది. మన దీపుకి కూడా ఇంత వేగం ఉండదు."

కాసేపటికి చేతిలో బరువు తగ్గింది. అచ్చియమ్మ కళ్ళు తెరిచి చూసింది. చేతిలో అట్ట ముక్క మిగిలింది. బుచ్చి మూతి నాక్కుంటూ ఇంకోటి లేదా అన్నట్టు చూస్తోంది.

"ఆఖరి పేజీ దాకా వదల్లేదు," అంది అచ్చియమ్మ మెల్లగా. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత మంచి పుస్తకమో."

ఏడుమెట్ల కింది ఊరు కూడా అలాగే అయింది. ఇంకా తొందరగా అయింది. డ్రాగన్ పుస్తకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం బుచ్చి నున్నటి అట్టని ఒకసారి వాసన చూసి, ముక్కుతో బుస్సుమని, తల తిప్పేసుకుంది. తవుడు బతిమాలాడు. బెల్లం రాసి చూపించాడు. బెల్లం నాకింది గానీ పుస్తకం ముట్టలేదు.

"దీనికి డ్రాగన్లు పడవు," అని తేల్చేశాడు సూరప్పడు.

మర్నాడు డ్రాగన్‌ని తుడిచి, నలగకుండా షాపుకి తీసుకెళ్ళి ఇచ్చేశారు.

"మిగతా రెండూ నచ్చాయా?" అంది రమామణి గారు.

"నచ్చడమా తల్లీ. రెండూ వదల్లేదు. అవే మళ్ళీ ఒక్కోటి ఇవ్వండి."

"అవే మళ్ళీ ఎందుకమ్మా?"

"చదివినవి మా బుచ్చి దగ్గరే ఉండిపోయాయి."

"అడిగి తీసుకోవచ్చు కదా."

"రేపో ఎల్లుండో అదే ఇస్తుంది గానీ," అన్నాడు తవుడు, "పిల్ల చేతిలో పెట్టేలా ఉండవమ్మా."

రమామణి గారు ఆ మాట మీద నిలవకుండా దాటేసింది. గాలిగుర్రం ఒక్కటే మిగిలిందని చెప్పి, డ్రాగన్‌కి బదులుగా చేతికిచ్చింది. ఇచ్చి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"ఇది తెరిస్తే అంతేనమ్మా, మీ అమ్మాయి ఇంకో లోకంలోకి వెళ్ళిపోతుంది. అన్నానికి పిలిచినా పలకదు."

అచ్చియమ్మ పుస్తకాన్ని కొంగులో గట్టిగా చుట్టేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కూడా గాలి ఆడలేదామెకి. "ఉంటుందని కదయ్యా పుస్తకం కొన్నాం," అంది మొగుడితో. "పోయినసారి విశాఖపట్నం పోయింది. అక్కడికైతే బస్సుంది. ఈ లోకానికి ఏముంది?"

"కొనకపోతే మూడోనాడు పోతుంది. కొంటే తెరిచిన వెంటనే పోతుంది," అన్నాడు సూరప్పడు. అంత తెలివికీ అక్కడ దారి దొరకలేదు.

తవుడే ఉపాయం చెప్పాడు. "పోనీ అప్పా. పలుపు కట్టి పంపిద్దాం. ఎంత దూరం పోయినా లాక్కోవచ్చు."

ఇంకేముంది, ఇంట్లో ఏర్పాట్లు మొదలయ్యాయి. అచ్చియమ్మ ప్రయాణానికి పులిహోర పొట్లాలు కట్టింది. సూరప్పడు గుర్రం కోసం ఉలవలు నానబోశాడు. అట్ట మీద గుర్రానికి రెక్కలున్నాయి కాబట్టి తవుడు పుస్తకాన్ని పశువులపాకలో గుంజకి కట్టేశాడు. దీపు వచ్చేలోపు ఇంకోసారి బుచ్చికి చూపిద్దామా అన్నాడు గానీ అచ్చియమ్మ వద్దంది. చదివిందే మళ్ళీ చదవమంటే విసుక్కుంటుంది పాపం.

దీపాంజలి వచ్చింది. వస్తూనే పుస్తకం ఏదని అడిగి, పాకలో గుంజకి కట్టి ఉన్నదాన్ని, దాని ముందు ఉలవల బాల్చీని కాసేపు చూసింది. ఏమీ అడగలేదు. పోయినసారి మూడు రోజులు ఉండి వెళ్ళిన పిల్ల కదా, కొంత తెలుసు. కట్లు విప్పుకుని వసారాలో నులకమంచం మీద పడుకుని తెరిచింది.

అచ్చియమ్మ గుమ్మం చాటు నుంచి చూస్తూనే ఉంది. పిల్ల కళ్ళు ఎటో పోయాయి. జడ కిందికి వేలాడుతోంది, పట్టించుకోలేదు. చీమ కాలి మీద పాకుతోంది, పట్టించుకోలేదు. తవుడు పలుపు తెచ్చి నడుముకి చుట్టాడు. అదీ పట్టించుకోలేదు.

"దీపూ, అన్నానికి రా అమ్మా."

పలకలేదు.

"దీపూ."

ఊహూ.

"వెళ్ళిపోయింది," అంది అచ్చియమ్మ. "లాగండి."

ముగ్గురూ పలుపు పట్టుకున్నారు. మోటబావిలో పడ్డ దూడని లాగినట్టు లాగారు. అంతే, మంచం ఒక వైపు, పుస్తకం ఒక వైపు, దీపాంజలి గుమ్మంలో పడింది.

"వచ్చేసింది," అన్నాడు సూరప్పడు చెమట తుడుచుకుంటూ. "మరీ దూరం పోయినట్టు లేదు."

దీపాంజలి లేచి మోచెయ్యి చూసుకుంది. గీరుకుపోయింది. "నేను రేపు పొద్దున్న బస్సుకి వెళ్ళిపోతాను," అంది.

అచ్చియమ్మ పసుపు తెచ్చి మోచేతికి అద్దింది. అద్దుతూ, తల ఎత్తకుండా అడిగింది. "ఏ లోకానికి వెళ్తావే? ఈ పుస్తకంలో దానికా, విశాఖపట్నానికా? పుస్తకంలో దానికైతే నన్నూ తీసుకెళ్ళమ్మా. పులిహోర కట్టే ఉంచాను. అడ్డం పడను, ఒక మూల కూర్చుంటాను."

దీపాంజలి పెద్దమ్మ వైపు చూసింది. మూట కట్టిన పొట్లాల వైపు చూసింది. కోపంగానే ఉందామనుకుంది, నవ్వొచ్చేసింది.

"కూర్చోండి," అంది. "ముగ్గురూ కూర్చోండి. బయటికి చదువుతాను. అందరం కలిసే వెళ్దాం."

అలా మొదలైంది. మణికేతు అనే కుర్రాడు గాలిగుర్రం ఎక్కి ఏడు కొండలు దాటాడు. గుర్రం అలిసిపోయిందంటే సూరప్పడు లేచి వెళ్ళి ఉలవల్లో నీళ్ళు మార్చి వచ్చాడు. బొగ్గుకళ్ళ రాక్షసుడు ఎదురొచ్చాడంటే, వాళ్ళ ఇంటిపేరేమిటి, ఎవరి తాలూకు అని తవుడు నిలదీశాడు. "రాసి లేదు మావయ్యా" అంటే, "ఊరూ పేరూ తెలీనివాడిని ఎలా రానిచ్చారు మరి" అన్నాడు. ఒక్కో పేజీకి ఒక్కో పూట పట్టేది. దీపాంజలి నవ్వలేక పొట్ట పట్టుకునేది. మూడోనాడు రానే వచ్చింది, బ్యాగు గూట్లోంచి కదల్లేదు. అచ్చియమ్మ మాత్రం గంటకోసారి వెళ్ళి ఆ బ్యాగుని చూసి వచ్చేది.

ఆ రోజు మధ్యాహ్నం కథలో రాక్షసుడు మణికేతుని గుహలో పెట్టి బండ అడ్డం దొర్లించాడు. తిండి లేదు, నీళ్ళు లేవు.

"మిగతాది సాయంత్రం," అని దీపాంజలి గుర్తుగా ఈనె పెట్టి, పుస్తకం మూసి స్నానానికి వెళ్ళింది.

అచ్చియమ్మకి ముద్ద దిగలేదు. అంత చిన్న పిల్లాడు, చీకట్లో, ఖాళీ కడుపుతో. సాయంత్రం దాకా ఎలా ఉంటాడు? ఈనె ఉన్న చోట పుస్తకం విప్పింది. ఇప్పుడు నలభై దాటినా ఫరవాలేదు, ఆకలికి వయసేమిటి. మెత్తగా కలిపిన పెరుగన్నం ఆ పేజీ నిండా పెట్టింది. అంచున ఆవకాయ ముక్క వేసింది. దాహానికని చిన్న గ్లాసుడు మజ్జిగ పోసింది. గుహలో బాగా లోపలికి అందాలని పుస్తకం మూసి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టింది.

దీపాంజలి తల తుడుచుకుంటూ వచ్చి పొత్రం తీసింది. పుస్తకం ఇడ్లీలా ఉబ్బి ఉంది. తెరిస్తే తెరుచుకోలేదు. అంచుల్లోంచి ఆవకాయ నూనె కారింది. కథలో మిగిలినదంతా ముద్దయిపోయింది.

అచ్చియమ్మ కొంగు నలుపుకుంటూ నిలబడింది. "తిన్నాడా?" అంది.

దీపాంజలి ఆ ముద్దని చూసింది. పెద్దమ్మ మొహం చూసింది. "తిన్నాడు పెద్దమ్మా," అంది. "కడుపు నిండా తిన్నాడు. బలమొచ్చింది, బండని ఒక్క తన్ను తన్నాడు. బయటికొచ్చి, ఇంత మంచి ఆవకాయ ఎవరింటిదని అడిగాడు. గాలిగుర్రం ఎక్కి ఇటే వస్తున్నాడు."

ఆ మాట సరదాకి అన్నానని చెప్పేలోపే ముగ్గురూ మాయమయ్యారు. అచ్చియమ్మ పొయ్యి రాజేసింది. తవుడు వచ్చే కుర్రాడికి దారి చూపించాలని బస్టాండుకి పరిగెత్తాడు. అప్పుడే ఫోన్ మోగింది. వరహాలు.

"ఏమే దీపూ, మూడో రోజు కదా. విసుగ్గా ఉంటే చెప్పు, రేపు నాన్న వచ్చి తీసుకొచ్చేస్తారు."

"రేపు కుదరదమ్మా. సెలవులయ్యేదాకా కుదరదు," అంది దీపాంజలి, పైకి చూస్తూ. "ఉంటానమ్మా, మళ్ళీ చేస్తాను. పెదనాన్న ఇంటి మీద పెంకులు తీసేస్తున్నాడు, ఆపాలి."

ఫోన్ పెట్టి ఆమె బయటికి పరిగెత్తేసరికి సూరప్పడు పైన కూర్చుని ఒక్కో పెంకూ ఊడదీసి కిందికి అందిస్తున్నాడు. గుర్రం తిన్నగా వసారాలోకి దిగడానికి చోటు కావాలి కదా. అచ్చియమ్మ కింద నిలబడి, చేతిలో గరిటె పట్టుకుని, కన్నంలోంచి ఆకాశాన్ని కొలుస్తోంది.

"ఆ పక్కవి కూడా తీసెయ్యయ్యా," అంది. "రెక్కలు విప్పితే తగులుతాయి."