పైడితల్లి పలక మీద తప్పు

అనగనగా ఒక ఊళ్ళో ఒక బడి ఉండేది, బంగారూ. తొంభై మంది పిల్లలు, ఒక్కగానొక్క టీచరమ్మ. ఆ పిల్లల్లో పైడితల్లి అని ఒక గడుగ్గాయి. నీలాగే దానికీ అన్నిటికీ అనుమానమే!

సాయంత్రం బడి విడిచేముందు పిల్లలంతా పలకలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు. టీచరమ్మ పలకకో రైటు చకచకా కొట్టి పంపేసేది. ఆ రైటు చూసి పైడితల్లి వాళ్ళమ్మ మురిసిపోయి, చేతిలో బెల్లంముక్క పెట్టేది. పాపం, తను చదువుకోలేదు. పిల్లకి చదువొచ్చేస్తోందనుకునేది. పైడితల్లికేమో ఒక్క ముక్క చదవడం రాదు. మరి రోజూ రైటెలా పడుతోంది?

అప్పుడు అదేం చేసిందనుకున్నావు? ఓ రోజు కావాలనే లెక్క తప్పు చేసింది. రైటు పడింది. మర్నాడు అక్షరాలకు బదులు పిల్లిబొమ్మ గీసింది. దానికీ రైటే! ఆ తర్వాత రోజు ఉత్త పలక చాపింది. దాని మీదా రైటు పడింది.

వాళ్ళమ్మ ఆ రైటొక్కటే చూసుకుని బెల్లం పెట్టింది. పైడితల్లి ఆ బెల్లం ముట్టలేదు. 'ఈ టీచరమ్మ మా అమ్మని మోసం చేస్తోంది' అనుకుని కుమిలిపోయింది.

మర్నాడు అందరూ వెళ్ళిపోయాక టీచరమ్మ ముందు నిలబడింది.

"టీచరమ్మా, మీరు నా పలక నిజంగా చూస్తన్నారా?"

"చూస్తున్నానమ్మా. ఇంతకీ నీ పేరేంటి?"

రెండేళ్ళుగా ఆ బడిలోనే ఉన్న పిల్లని అడిగిన మాట అది! అడిగాక టీచరమ్మకే తను అన్నదేమిటో తెలిసొచ్చింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "తొంభై పలకలు తల్లీ, నేనొక్కదాన్ని" అంది.

ఆ తర్వాత రోజు ఏ పలక మీదా రైటు కొట్టలేదు. తల్లులంతా బడి మీదికొచ్చేశారు. "ఏటమ్మా, మా పిల్లల రైట్లేవి?" టీచరమ్మ ఏమీ దాచకుండా ఉన్నదంతా చెప్పేసింది. అప్పుడు ఆ తల్లులే వెళ్ళి పెద్దాఫీసు ముందు బైఠాయించారు. మరో ఇద్దరు టీచర్లని పంపేదాకా లేస్తే ఒట్టు!

కొత్త టీచర్లొచ్చాకైనా పైడితల్లి నమ్మిందా? ఊహూఁ! మళ్ళీ తప్పు లెక్కే చేసి పలక చాపింది. టీచరమ్మ పలక చేతిలోకి తీసుకుని నిదానంగా చూసింది. "పైడితల్లీ, ఇది తప్పు కదే" అని ఇంటూ కొట్టింది.

అంతే, పైడితల్లి ఇంటిదాకా పరుగే పరుగు. "అమ్మా, నాకు తప్పు పడిందే! బెల్లం పెట్టవే!"

పలకేమో సంచికి, కథేమో కంచికి, మనమేమో మంచానికి.