నిమిషానికో గుండు

రేణుక తుపాకీ మూడోసారి వెనక్కి వచ్చింది. ఓబులేసుకు ఒళ్లు మండింది.

కర్నూలు పాతబస్తీలో దస్తగిరి ఉస్తాద్ దగ్గర తొమ్మిదేళ్లుగా గాలి తుపాకులు బాగుచేస్తున్నాడతను. పనిమంతుడే. ఆ సంగతి ఊళ్లో అందరికంటే ముందు ఓబులేసుకే తెలుసు.

"మళ్లీ ఏమొచ్చెనక్కా?"

"అదేనన్నా. గుండు పైకి పోతాంది. గురి కాగితం నడుమ పదిలో పడాల్సింది తొమ్మిదిలో పడతాంది."

రేణుక ఆర్టీసీలో కండక్టరు. ఆదోని బస్సు దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చింది. ఎల్లుండి విజయవాడలో రాష్ట్ర షూటింగ్ జట్టు ఎంపిక పోటీ. రెండేళ్లుగా వెంట్రుకవాసిలో తప్పిపోతోంది. ఈసారీ రాకపోతే తుపాకీ అటకెక్కించాల్సిందేనని ఇంట్లో తెగేసి చెప్పారు. రేపు రాత్రి ఎనిమిదికి ఆమె విజయవాడ బస్సెక్కాలి.

ఆ తుపాకీ సిలిండర్లో గాలిని రెండు వందల బార్ల ఒత్తిడితో కుక్కి ఉంచుతారు. దాన్ని అదుపులో పెట్టి, ప్రతి గుండుకూ ఒకే కొలతలో అందించేది రెగ్యులేటర్ అనే చిన్న వాల్వు. నెల కింద దాన్ని విప్పి, రబ్బరు రింగు మార్చి, బిగించి, మర మీద ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టింది ఓబులేసే. ఆ చుక్క ఇంకా చెక్కుచెదరలేదు. అంటే తర్వాత వేరెవరూ వేలు పెట్టలేదన్నమాట.

తుపాకీని వేగం కొలిచే మిషను ముందు పెట్టి టకటకా పది గుళ్లు కాల్చాడు. సెకనుకు నూట డెబ్బై రెండు మీటర్లు, నూట డెబ్బై రెండు, నూట డెబ్బై మూడు, మళ్లీ డెబ్బై రెండు. పదీ అంతే.

"చూడక్కా. వాల్వు నిక్కచ్చిగా ఉండాది. పోయినసారే చెప్పినా గదా, కాల్చేటప్పుడు మొన పైకి లేపుతాండావని. తప్పు నీ చేతిలో ఉండాది."

"నువ్వు చెప్పినప్పటి నుంచీ మొన దించే కొడతాండానన్నా. నెల నుంచీ అదే సాధన. కొన్ని సరిపోతాయి, కొన్ని అప్పటికీ పైకే పోతాయి." ఆమెకు కోపం రాలేదు. తన చెయ్యే చెడ్డదని నమ్మేసినట్టుంది.

మూలన బల్ల దగ్గర కళ్లజోడు తుడుచుకుంటున్న ఉస్తాద్ తలెత్తాడు.

"ఒక గుండుకూ ఇంకో గుండుకూ మధ్య ఎంతసేపు తీసుకుంటావు బిడ్డా?"

"నిమిషం. ఒక్కోసారి ఇంకా ఎక్కువే."

"తుపాకీ ఉంచి పో. రేపు మధ్యాన్నం రా."

ఆమె వెళ్లాక ఉస్తాద్ వచ్చి మిషను పక్కన కూర్చున్నాడు. గుళ్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని, అందులోంచి ఒక్కటి తీసి ఓబులేసు చేతిలో పెట్టాడు.

"కాల్చు."

నూట డెబ్బై రెండు. ఓబులేసు చెయ్యి చాపాడు. ఉస్తాద్ డబ్బా మూత పెట్టి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. వీధిలో చూడ్డానికేమీ లేదు, ఒక మేక తప్ప.

"ఇయ్యి ఉస్తాద్."

గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు పూర్తిగా తిరిగాక ఉస్తాద్ మూత తీశాడు.

నూట డెబ్బై తొమ్మిది.

"మిషను తప్పు చూపిస్తాంది" అన్నాడు ఓబులేసు. ఉస్తాద్ మళ్లీ మేకను చూశాడు. ఈసారి రెండు నిమిషాలు.

నూట ఎనభై నాలుగు.

ఓబులేసుకు సంగతి తెలిసొచ్చింది. తను టకటకా కాల్చినప్పుడు గాలి కారడానికి తీరిక చిక్కలేదు, అంతే. తుపాకీ ఊరుకున్నప్పుడల్లా సిలిండర్లోని గాలి వాల్వు సందులోంచి సన్నగా కారి, తర్వాతి గుండుకు కొలిచి ఉంచిన గాలిలో ఒత్తిడి పెరుగుతోంది. రేణుకకేమో నిదానంగా కాల్చడమే వచ్చు.

"కొత్త రింగు చెడిపోయింటుంది."

"విప్పి చూడు" అన్నాడు ఉస్తాద్.

గాలంతా వదిలేసి, ఎర్ర చుక్క గీకి, రెగ్యులేటర్ విప్పాడు. రింగు నిగనిగలాడుతోంది. భూతద్దం పెట్టి చూస్తే, వాల్వు కూర్చునే ఇత్తడి అంచు మీద వెంట్రుకంత గీత కనిపించింది. కాస్త వంపు తిరిగిన గీత. ఆ వంపు ఓబులేసుకు తెలుసు. అతని స్టీలు సూది మొన సరిగ్గా అలాగే వంగి ఉంటుంది. ఉస్తాద్ పాత రింగుల్ని వెదురు పుల్లతోనే పీకమంటాడు. నెల కింద పుల్ల వెతికే ఓపిక లేక సూదితో పీకాడు.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఉస్తాద్ చూశాడో లేదో గానీ లేచి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఓబులేసుకు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికే కూర్చున్నాడు. అద్దం పలక మీద సన్న గరుకు కాగితం పరిచి, చుక్క నూనె వేసి, ఇత్తడి ముక్కను ఎనిమిది అంకె తిప్పినట్టు తిప్పడం మొదలుపెట్టాడు. ఎక్కువ నొక్కితే అంచు ఒరిగిపోతుంది. నొక్కకపోతే గీత పోదు. అరగదీశాడు, తుడిచాడు, బిగించాడు, గాలి పట్టాడు. నిమిషం ఆగి కాల్చాడు. నూట డెబ్బై ఏడు. మళ్లీ విప్పాడు. నూట డెబ్బై నాలుగు. ఎవరైనా ఇంతటితో చాలనుకుంటారు. నిన్నటి ఓబులేసైతే తప్పకుండా అనుకునేవాడు. మళ్లీ విప్పాడు.

మూడోసారి అయిదు నిమిషాలు ఆగి కాల్చాడు. నూట డెబ్బై రెండు. పది నిమిషాలు ఆగాడు. నూట డెబ్బై రెండు. తెచ్చుకున్న సద్ది అలాగే ఉండిపోయింది.

రెండింటికి రేణుక వచ్చింది. ఓబులేసు ఆమెకు ఎదురుపోయాడు.

"అక్కా, తప్పు నాది. వాల్వు మీద గీత పెట్టింది నేనే. నీ చెయ్యి ఎప్పుడూ బాగానే ఉండె."

రేణుక అతని మొహంలోకి చూసింది.

"ఉండె" అంది. "ఇప్పుడో?"

కొట్టు వెనక పది మీటర్ల పొడవు గది ఉంది. అక్కడ నిలబడి కాల్చింది. మొదటిది తొమ్మిదిలో, కిందికి. రెండోది ఇంకా కిందికి. మూడోది నడుమ పడింది, నాలుగోది మళ్లీ కింద. కాల్చే క్షణంలో మొన తనంతట తనే వంగుతోంది. నెల రోజులు పట్టుబట్టి నేర్చుకున్న వంపు అది.

ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాడు ఓబులేసు. గురి చూసే సైటు మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వదు రేణుక. ఇక అతను తిప్పగలిగిందల్లా స్ప్రింగు మర. స్క్రూడ్రైవర్ తీశాడు.

"అక్కా, వాల్వును కొట్టే స్ప్రింగు అర చుట్టు బిగిస్తా. వేగం పెరుగుతుంది, గుళ్లు పైకొస్తాయి. రేపటికి గట్టెక్కుతావు."

ఉస్తాద్ ఎప్పుడొచ్చాడో, వెనక నుంచి ఆ స్క్రూడ్రైవర్ తీసుకుని జుబ్బా జేబులో వేసుకున్నాడు.

"తప్పు తుపాకీలో ఉన్నప్పుడు మనిషిని వంచినావు. ఇప్పుడు మనిషి కోసమని తుపాకీని వంచుతావా?"

రేణుక చేతి గడియారం విప్పి కిటికీలో పెట్టింది. ఖాకీ చొక్కా చేతులు పైకి మడిచింది.

"కాగితాలు ఎన్నుండాయన్నా?"

"కట్ట నిండా ఉండాయి."

"పెట్టు."

ఓబులేసు గది ఆ చివరికి పోయి గురి కాగితం తగిలించి వచ్చాడు. ఆమె ఊపిరి పీల్చి, వదిలి, ఆగి కాల్చింది. కిందికి. అతను పోయి ఇంకోటి తగిలించాడు. మళ్లీ కిందికి. గంట మూడు దాటింది, నాలుగు దాటింది. కొట్టుకు ఎవరో వచ్చి పిలిచినా ఓబులేసు కదల్లేదు.

ముప్పై ఎనిమిదో గుండు సరిగ్గా నడిబొడ్డున పడింది. అక్కా అని అరవబోయి ఆపుకున్నాడు.

రేణుక తుపాకీ దించలేదు.

"ఇంకోటి పెట్టన్నా."

పెట్టాడు.