ఎదురుగా వేసిన విస్తరి

పేరిందేవిగారికి ఒక అలవాటు. ఎవరేం అడిగినా సూటిగా జవాబు చెప్పరు, ఏదో పాత పెళ్ళి గుర్తు చేసుకుంటారు. ఆవిడ దగ్గర పెళ్ళిపాటలు నేర్చుకున్న మా అందరికీ పాటలకంటే ముందు అబ్బింది ఓపిక.

మొన్న వచ్చిన కల్హారకి మాత్రం ఆ ఓపిక లేదు. మామ్మగారు నేర్పిన వియ్యాలవారి పాటకి డప్పులూ కీబోర్డూ తగిలించి ఆ పిల్ల పాడి నెట్‌లో వదిలితే, ఈ ఏడు అది మోగని పెళ్ళి లేదు. అందులో మాటలివి:

గోదారి చూసి మా వియ్యపురాలు
మూతపెట్టి దాచరేమని అడిగిందమ్మా

నీళ్ళకి మొహం వాచిన మెట్ట ఊళ్ళవాళ్ళకి ఒళ్ళు మండింది. "మా అమ్మ బిందె మోసిన దారిలో నువ్వు ఒక్కసారైనా నడిచావా? కాలేజీలో నన్ను చూడగానే ఆ పాట ఎత్తుకుంటున్నారు" అని ఒక అమ్మాయి వీడియోలో ఏడ్చింది. ఇక రచ్చ రచ్చ. క్షమాపణ చెప్పకపోతే ఎక్కడా పాడనివ్వమని కొందరు, చెబితే నీ పాటే వినమని కొందరు. టీవీలవాళ్ళకి పండగే.

"ఎగతాళి పాట మన ఆనవాయితీ అని గట్టిగా రాశాను మామ్మగారూ. పెట్టెయ్యనా, నోరు మూసుకుని ఊరుకోనా?" అంది కల్హార. పాట తప్ప వేరే బతుకు తెలియని పిల్ల.

"మా సూరమ్మత్త కూతురి పెళ్ళిలో..." అని మొదలుపెట్టారు పేరిందేవిగారు.

అప్పట్లో పెళ్ళిభోజనమంటే బంతి. మగపెళ్ళివారు వరసగా కూర్చుంటే, ఆడపెళ్ళివారు వాళ్ళకి కొసరి కొసరి వడ్డిస్తూ, వాళ్ళ మొహం మీదే పాడేవారు. ఇప్పుడు ప్లేటు పట్టుకుని తలో మూలా నిలబడి తినేవాళ్ళని ఎటు తిరిగి వెక్కిరిస్తాం? ఆ బంతులు తలుచుకుంటే మామ్మగారికి ఇప్పటికీ బెంగగా ఉంటుంది. ఆ రోజు సూరమ్మ నేతిగిన్నె పట్టుకుని ఈ పాటే అందుకుంది. పందిరంతా గొల్లుమంది. మెట్టనుంచి వచ్చిన పెళ్ళికొడుకు తల్లి చెయ్యి మాత్రం విస్తట్లో ఆగిపోయింది. తల ఎత్తలేదు.

"వేళాకోళమమ్మా, మనసులో పెట్టుకోకండి" అని పక్కవాళ్ళు సర్దబోయారు. గుమ్మంలో పెళ్ళికూతురు బిక్కచచ్చిపోయింది. రేపటినుంచి కాపురం ఆవిడ ఇంట్లోనే కదా. సూరమ్మ అందరినీ ఊరుకోమంది. మగపెళ్ళివారు లేవకుండా ఆడపెళ్ళివారు మెతుకు ముట్టని రోజులవి. అయినా నేతిగిన్నె కింద పెట్టి, పెళ్ళికొడుకు తల్లికి ఎదురుగా విస్తరి వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడు మీరు పాడండి వదినగారూ. నేను తింటాను."

ఆవిడ అప్పుడు సూరమ్మ వంక చూసింది. తర్వాత సన్నగా ఎత్తుకుంది:

వరదొచ్చి పోయాక మా వదినగారి
పొయ్యిలో చేపలే కాపురముండె

ఎవరూ నవ్వలేదు. అంతకుముందు ఏడాదే గోదారి లంకలో సూరమ్మ ఇల్లు ఏటిపాలైంది. పాడినావిడకి ఆ సంగతి తెలియదు. ఈసారి సూరమ్మ చెయ్యి ఆగింది. కానీ ఆవిడ లేవలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ అన్నం కలుపుకుంది. పెళ్ళికొడుకు తల్లి అదంతా చూసింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే, ఎడమచేత్తో నేతిగిన్నె అందుకుని సూరమ్మ విస్తట్లో వంచింది.

చెప్పడం ఆపి పేరిందేవిగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. కల్హార ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఈ రెండో చరణం నాకెందుకు నేర్పలేదు మామ్మగారూ? ఇది కూడా పాడి పెట్టేస్తాను. గొడవ చల్లారిపోతుంది."

పేరిందేవిగారు తల అడ్డంగా ఊపారు.

"అది మనం పాడే చరణం కాదే, వాళ్ళు పాడితే మనం వినేది. ఆ ఏడ్చిన అమ్మాయి ఇంట్లో నీకు విస్తరి వేస్తారేమో కనుక్కో."