ఉప్పు లారీ తలుపు మీద చెయ్యి

పడుకున్నావా అమ్మలూ? కాళ్ళు ఆడించకు, దుప్పటి జారిపోతోంది. ఊఁ కొట్టాలి మరి, కొట్టకపోతే కథ ఇక్కడే ఆపేస్తాను.

అనగా అనగా సముద్రం పక్కన ఒక ఊళ్ళో, అన్నీ ఉప్పు మళ్ళే ఉన్న ఊళ్ళో, దాలయ్య అనే డ్రైవరు ఉండేవాడు. అతనికొక లారీ. కొత్తదనుకునేవు! ముందుకి ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలం లారీ. హ్యాండిల్ పెట్టి తిప్పితే గానీ లేచేది కాదు. దగ్గేది, మూలిగేది, అప్పుడు కదిలేది. కానీ కొత్త లారీలు బురదలో దిగబడిపోతే వాటికి తాడు కట్టి లాగేది కూడా అదే. అందుకే ఊరందరికీ అదంటే ముద్దు.

దాలయ్య భార్య పైడమ్మ. అప్పటికి కడుపుతో ఉంది. ఒకరోజు దాలయ్య లారీకి నీలం రంగు వేయించాడు. ఉప్పు గాలికి ఇనుము ఆగదు కదా, రంగే దానికి చొక్కా. ఆ రంగు ఆరకముందే పైడమ్మ లారీ ఎక్కబోయి, కాలు జారి, ఎడమ తలుపు మీద అరచెయ్యి ఆనించేసింది. అక్కడి రంగు కాస్తా చేతికి వచ్చేసింది. తలుపు మీద అరచెయ్యీ అయిదు వేళ్ళూ అచ్చు పడ్డాయి.

"నీ దుంప తెగ! కొత్త రంగు పాడు సేసినావు కదే!" అని దాలయ్య నవ్వాడు.

"రేపు పూసుకుందువులే" అని పైడమ్మా నవ్వింది.

ఆ రేపటికి పైడమ్మ లేదమ్మా. నొప్పులొచ్చాయి, ఆడపిల్ల పుట్టింది, తల్లి దక్కలేదు.

ఆ పిల్ల పేరు ముత్యాలు. వాళ్ళమ్మ ఫోటో ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో ఎవరు తీయించుకున్నారు? "అయ్యా, అమ్మ ఎలాగుండేది?" అని అడిగితే దాలయ్య లారీ దగ్గరికి తీసుకెళ్ళేవాడు. తలుపు మీద చెయ్యి చూపించేవాడు.

ఒకరోజు ముత్యాలు తన చెయ్యి దాని మీద పెట్టి చూసుకుంది. ఆ అరచేతిలోనే ఇమిడిపోయింది, వేళ్ళ దాకా వెళ్ళనే లేదు. "ఇది నాకు సరిపోతే నాను అమ్మంత అయిపోయినట్టేనా అయ్యా?" అంది. "అవునే తల్లీ" అన్నాడు. ఇంకేముంది, ఆ పిల్లకి అదే ధ్యాస.

కొన్నాళ్ళకి రంగులు వేసే అతను వచ్చాడు. "దాలన్నా, సెయ్యి పడిన కాడ రంగు లేదు. తుప్పు పడతాంది. పూసీనా?" అన్నాడు. ముత్యాలు పరిగెత్తుకొచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది. "వద్దు! నాకింకా సరిపోలేదు!" అని ఒకటే ఏడుపు. దాలయ్య పంపించేశాడు.

ఆ తర్వాత చెయ్యి గుర్తు ఎర్రబడింది. అప్పటికి ముత్యాలు వేళ్ళు సగం దాకా వచ్చాయి. రంగులతను మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రేకు పొరలు పొరలుగా లేచిపోసాగింది. ఈసారి దాలయ్యే బ్రష్షు పట్టుకుని తలుపు ముందు నిలబడ్డాడు. చెయ్యి రాలేదు పాపం, డబ్బా మూత పెట్టేశాడు.

ముత్యాలు ఓణీ వేసింది. ఇంక గోరంతే తక్కువ. సరిగ్గా అప్పుడు, ముత్యాలు అయ్య పక్కన కూర్చుని ఉండగానే, నిండు లోడుతో లారీ గతుకులో పడింది. ఎడమ తలుపు దడేల్మంది. దిగి చూస్తే చెయ్యి లేదు, చిల్లుంది.

"గోరంతే కదా అయ్యా! గోరంతే!" అని ఆ పిల్ల రోడ్డు మీద కూలబడి ఏడిచింది.

లోడు దింపాలి కదా, ఏడుస్తూనే మళ్ళీ ఎక్కింది. దార్లో ఏమనుకుందో ఏమో, ఆ చిల్లులోంచి చెయ్యి బయటికి పెట్టింది. గాజులు గలగలమంటున్నాయి.

మళ్ళల్లో ఉప్పు లాగుతున్న గవరమ్మ తలెత్తింది. ఒకప్పుడు పైడమ్మకి జతగా పని చేసిన మనిషి. చేతిలోది అలాగే వదిలేసింది. "ఓలమ్మా! అది పైడమ్మ సెయ్యే! ఆ సేతి ఏళ్ళు నాకు తెలీవా!" అని అరిచింది.

దాలయ్య లారీ ఆపేశాడు. కూతురి చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు. ఇన్నాళ్ళూ తలుపు చూశాడు గానీ ఈ చెయ్యి చూడలేదు. ఆ చెయ్యి మొహానికి ఆనించుకుని బావురుమన్నాడు. పెళ్ళాం పోయిననాడు కూడా అంత ఏడవలేదట.

వాళ్ళమ్మ తిరిగొచ్చిందా అంటావా? ఎక్కడొస్తుందే, పిచ్చిదానా. రాలేదు.

ఆ తర్వాత లారీకి మళ్ళీ నీలం రంగు పూశారు. చిల్లు మాత్రం మూయలేదు. మూలుగుతూ, దగ్గుతూ అది ఇంకా ఉప్పు మోసింది. అది పోయే దారిలో మళ్ళల్లో ఆడవాళ్ళు చేతులూపేవారు, ఆ చిల్లులోంచి ఒక చెయ్యి ఊగేది.

ఏదీ, నీ చెయ్యి ఇలా తే. నా చేతి మీద పెట్టు. ఊఁ... ఇంకా చాలా ఉందిలే. నిదానంగా పెరుగు, నాకేం తొందర లేదు.

ఉప్పు బండికి, తుప్పు మట్టికి,
కథ కంచికి, కళ్ళు నిద్రకి.