జెమీమాకి దొరికిన ఒక్క ఆమెన్

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక పెద్ద మద్దిచెట్టు. ప్రతి ఆదివారం జంతువులూ పక్షులూ ఆ చెట్టు కింద చేరి దేవుణ్ణి ఆరాధించేవి. వాక్యం చెప్పేది ఒక ముసలి తాబేలు. అందరూ ఆయన్ని 'అయ్యగారూ' అని పిలిచేవారు.

ఆ చెట్టు తొర్రలో జెమీమా అనే గోరింక తన మూడు పిల్లలతో కాపురముండేది. మంచిదే పాపం. పాట ఎత్తుకుంటే అడవంతా చెవులు నిక్కించేది. కాని నోరు మాత్రం ఊరుకునేది కాదు.

ఇంతలో కొండ మీద టవరు లేచింది. కుందేలు మొదలు ఏనుగు దాకా అందరికీ ఫోన్లు వచ్చాయి. సంఘానికి ఒక గ్రూపు కూడా వచ్చింది. జెమీమా రోజూ పొద్దున్నే అందులో ఒక వాక్యం పెట్టేది. కింద నాలుగైదు 'ఆమెన్'లు పడేవి.

ఒక ఆదివారం ఉడుత ఆరాధనకి ఆలస్యంగా వచ్చింది. జెమీమాకి ఒళ్లు మండింది. "ఆలస్యంగా వచ్చేవారికి భక్తి లేదు" అని గ్రూపులో రాసింది. చప్పగా ఉందనిపించి కింద ఇంకో ముక్క చేర్చింది. "ఇది నా మాట కాదు, ప్రభువు నాకిచ్చిన మాట."

అంతే! నలభై ఆమెన్లు. ప్రభువు మాట అన్నాక కాదనేదెవరు? జెమీమాకి కాళ్లు నేల మీద నిలవలేదు.

మరుసటి వారం నెమలి మీద రాసింది. "సింగారించుకుని వచ్చేవారు ప్రభువుకి గిట్టరు." అరవై ఆమెన్లు! ఆ సింగారం నెమలికి పుట్టుకతో వచ్చింది పిల్లలూ, తీసి ఎక్కడ పెడుతుంది?

అయ్యగారు మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. "అమ్మా జెమీమా, నీకు తోచింది చెప్పు, తప్పులేదు. కాని నీ ఉత్తరం కింద ఆయన సంతకం పెట్టకు తల్లీ" అన్నాడు.

"అలాగేనండీ అయ్యగారూ" అంది జెమీమా. 'పాపం, ఈయనకి ఫోను వాడడం రాదు' అనుకుంది మనసులో.

మూడో వారం దాని కన్ను దోర్కమ్మ మీద పడింది. దోర్కమ్మ ఒక అలుగు. ఒళ్లంతా పొలుసులు. నోట్లో ఒక్క పన్ను లేదు. పొడవాటి నాలుకతో చీమల్ని తిని బతికేది. ఆరాధనలో ఎప్పుడూ వెనకే కూర్చునేది. ప్రార్థన మొదలవగానే మొహం పొట్టలో దాచుకుని బంతిలా చుట్టుకుపోయేది.

"మొహం దాచుకునేవారు పాపం దాచుకున్నవారే. ప్రభువు నాకిచ్చిన మాట" అని రాసింది జెమీమా. నూరు ఆమెన్లు!

తర్వాతి ఆదివారం దోర్కమ్మ రాలేదు. చెట్టు మొదట్లో ఎర్రచీమలు కనబడ్డాయి. ఆ పై ఆదివారమూ రాలేదు. చీమల బారు సగం చెట్టు దాకా పాకింది. మూడో ఆదివారం దాకా అవి ఆగలేదు. శనివారం పొద్దున్నే తొర్రలోకి వచ్చేశాయి. ఇంకా రెక్కలు రాని పిల్లలు కీచుకీచుమని ఏడ్చాయి. జెమీమా ముక్కుతో పొడిచింది, రెక్కలతో కొట్టింది. పది పోతే వంద వచ్చాయి.

గ్రూపులో రాసింది. "నా పిల్లల కోసం ప్రార్థించండి." నూట ఇరవై ఆమెన్లు పడ్డాయి. వచ్చింది మాత్రం ఉడుత ఒక్కటే.

"అక్కా, ఇన్నాళ్లూ ఆరాధన అయ్యాక దోర్కమ్మ పిన్ని ఆగిపోయి, ఈ చెట్టు చుట్టూ చీమల్ని ఏరి తిని వెళ్లేది. నీకు తెలీదా? పో, పిలుచుకురా. పిల్లల్ని నేను చూస్తుంటాను" అంది.

దోర్కమ్మ మీద తను రాసిన మాట జెమీమాకి గుర్తొచ్చింది. అయినా ఎగిరి వెళ్లి దోర్కమ్మ బొరియ ముందు వాలింది.

"పిన్నీ! చీమలు... నా పిల్లలు..."

"వస్తున్నానమ్మా" అంది దోర్కమ్మ. ఇంకో మాట అడగలేదు.

చెట్టెక్కింది. తొర్ర నుంచి వేళ్ల దాకా ఒక్క చీమ లేకుండా చేసింది. మూడు పిల్లలూ బతికాయి. అప్పుడు దోర్కమ్మ తల దించుకుని అడిగింది.

"అమ్మా, నా గురించి ప్రభువు నీతో నిజంగానే అలా అన్నాడా? అది చదివిన దగ్గర్నుంచి నాకు ప్రార్థన రావడం లేదు. నేను మొహం దాచుకునేది ఏడుపు ఆగకమ్మా. పన్నే లేని నాకు కూడా రోజూ తిండి పెడుతున్నాడే అని తలుచుకుంటే కళ్లు నిండిపోతాయి."

'అవును' అంటే జెమీమా పరువు నిలుస్తుంది. 'కాదు' అంటే నూరు ఆమెన్లూ గాలికి పోతాయి. జెమీమా తొర్రలోని పిల్లల వంక చూసింది.

"లేదు పిన్నీ. ఆయన అనలేదు. నేనే అన్నాను. అని, ఆయన పేరు పెట్టాను. నన్ను క్షమించు."

"ఆయన అనలేదా!" అంది దోర్కమ్మ. అక్కడికక్కడే బంతిలా చుట్టుకుపోయింది. పొలుసుల మధ్య నుంచి "స్తోత్రం, స్తోత్రం" అని సన్నగా వినిపించింది.

మర్నాడు ఆరాధనలో జెమీమా లేచి సాక్ష్యం చెప్పింది. ఉడుతనీ నెమలినీ క్షమాపణ అడిగింది. తర్వాత గ్రూపులో రాసింది. "ప్రభువు మాట అని నేను రాసినవన్నీ నా మాటలే. దోర్కమ్మ పిన్ని నా పిల్లల్ని బతికించింది. దేవునికి కృతజ్ఞతలు."

సాయంత్రం దాకా చూసింది. ఒక్కటే ఆమెన్ పడింది. అది దోర్కమ్మది. అన్నాళ్లూ చదవడమే తప్ప ఆమె ఆ గ్రూపులో ఒక్క అక్షరం రాసి ఎరగదు.

జెమీమా మొహం రెక్కలో దాచుకుని చాలాసేపు ఏడ్చింది.

నీతి: మన అభిప్రాయాన్ని మన పేరుతోనే చెప్పాలి, దానికి దేవుడి పేరు తగిలించకూడదు.