నీరటి తలలో శనగగింజ

కొండ కింద ఒక ఊరు ఉండేది. ఆ ఊరికి ఒకటే కాలువ. ఆ కాలువకు ఒక నీరటి. నీరటి అంటే పొలాలకు నీళ్లు పంచే మనిషి. ఎవరి మడికి ఎంతసేపు పారాలో, ఏ పిల్లకాలువ ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో ఆ మనిషి చెప్పిందే మాట. ఆ పని చేసేది బూదవ్వ.

బూదవ్వకు నలభై ఎనిమిదేళ్లు. భుజాన పార, నోట్లో చుట్ట, మోకాళ్ల దాకా బురద. ఆమె పార పట్టిన ఇరవై రెండేళ్లలో కాలువ చివరన ఉన్న మడి ఒక్క పంటకు కూడా ఎండలేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేది.

"మొదటి మడికి ఎవరైనా పారిస్తరు. నన్ను చూడాలంటే ఆఖరి మడి కాడికి పోయి చూడుర్రి."

ఒకరోజు తూము మెట్ల మీద పాచికి కాలు జారి పడింది. తల రాయికి తగిలింది. పెద్ద దెబ్బేమీ కాదని ఆమె అన్నా భర్త ఓదెలు వినలేదు. ఆ నెలలోనే ఊరికి కొత్తగా ఒక వైద్యురాలు వచ్చింది. ఆమె దగ్గర ఒక అద్దం ఉంది. దాని ముందు కూర్చుంటే తల లోపల ఉన్నదంతా కనిపిస్తుంది. ఓదెలు భార్యను దాని ముందు కూర్చోబెట్టాడు.

వైద్యురాలు చాలాసేపు చూసింది.

"దెబ్బ పైపైనే అమ్మా. రెండు రోజుల్లో వాపు దిగిపోతుంది."

బూదవ్వ లేవబోయింది.

"కూర్చో. నేను వెతకనిది ఇంకొకటి కనబడింది."

వైద్యురాలు నెమ్మదిగా, ఏదీ దాచకుండా చెప్పింది. కుడికన్ను వెనకాల, నెత్తురు పారే సన్నని దారి రెండుగా చీలే చోట గోడ పలచబడింది. పలచబడి బయటికి ఉబ్బింది. ఆ ఉబ్బు శనగగింజంత ఉంది.

"పగిలిందా?" ఓదెలు అడిగాడు.

"పగల్లేదు."

"పగుల్తదా?"

"ఎక్కువమందికి పగలదు. దాన్ని తలలోనే పెట్టుకుని ముసలివాళ్లై, మరి దేనితోనో పోతారు. కొద్దిమందికి పగులుతుంది. నీ భార్య ఏ వైపున ఉందో ఈ అద్దం చెప్పదు."

బూదవ్వ అప్పుడు నోరు విప్పింది. "ఎన్నాళ్ల సంది ఉన్నదది?"

"తెలియదు. ఏళ్ల నుంచీ ఉండొచ్చు."

"అయితే నిన్న కూడ ఉన్నట్టేనా?"

"నిన్న కూడా ఉంది."

"నిన్న నేను గండి పూడ్చిన."

"పూడ్చావు," అంది వైద్యురాలు.

తల తెరిచి ఆ ఉబ్బు మొదలుకు బిగింపు వేసేవాళ్లు పట్నంలో ఉన్నారని ఆమె చెప్పింది. కానీ అది ఉన్న చోటు ఇరుకు. ఇంత చిన్నదాన్ని ముట్టుకుంటే వచ్చే ప్రమాదమే ముట్టుకోకపోతే వచ్చేదానికన్నా ఎక్కువ. ఆరు నెలలకోసారి చూస్తూ ఉందాం, పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం అంది. చుట్ట మానెయ్యమంది. నెత్తురు పోటు తగ్గడానికి రోజూ వేసుకోమని మందిచ్చింది. ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తొద్దంది. ఎన్నడూ ఎరగనంత తలనొప్పి పిడుగు పడ్డట్టు వస్తే ఆ క్షణమే తీసుకురమ్మని ఓదెలుకు రెండుసార్లు చెప్పింది.

"నడవొచ్చునా?"

"నడువు."

"పని?"

"చేసుకో అమ్మా."

ఆ రెండు మాటలూ బూదవ్వ విన్నది. కానీ ఇల్లు చేరేసరికి అవి ఎక్కడో జారిపోయాయి. శనగగింజ ఒక్కటే మిగిలింది.

మర్నాటి నుంచి ఆమె నిండు బిందె నెత్తిన పెట్టుకున్నట్టు నడవసాగింది. తుమ్ము వస్తే ముక్కు పట్టుకునేది. వంగితే ఏమవుతుందోనని కింద పడ్డ కొంగును కాలి వేళ్లతో అందుకునేది. కణత మీద వేలుపెట్టి నెత్తురు కొట్టుకోవడం వింటూ కూర్చునేది. చుట్ట మానేసింది. దాంతోపాటు నవ్వు, కోపం, కూర రుచి లేదని ఓదెలుతో తగువు కూడా మానేసింది.

ఓదెలు పారను అటక మీద పెట్టాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు పెరుగు గిన్నెలు తెచ్చి, చావు జరిగిన ఇంట్లో మాట్లాడినట్టు గుసగుసగా పలకరించి వెళ్లేవారు. ఊరి దొర మంచివాడు. ఆమెను కష్టపెట్టకూడదని తలచి నీరటి పనిని తన బావమరిది గట్టయ్యకు అప్పగించాడు. ఆ కబురు తెచ్చిన మనిషికి బూదవ్వ సరేనని తలూపింది. ఆ తలూపడం కూడా మెల్లగానే.

నలభై రోజులు గడిచాయి.

ఒక మధ్యాహ్నం మైసవ్వ వచ్చింది. చివరి మడి ఆమెదే. డెబ్బై ఏళ్ల ముసలిది, ఒంటిగత్తె. వాకిట్లో నిలబడి గొంతెత్తింది.

"ఓ బూదీ! నా మడి నెర్రెలు బారింది. నువ్వు ఇంట్ల కూసున్నవా?"

ఓదెలు పరుగున వచ్చాడు. "మెల్లగ అవ్వా, మెల్లగ. దాని తలల..."

"దాని తలల ఏముంటే నాకేంది? నా మడిల నీళ్లు లెవ్వు! నలభై దినాల సంది సరిగ పారలే! నారు పండుబారింది! ఏం నీరటివే నువ్వు? సిగ్గు లేదా?"

బూదవ్వ తలుపు పట్టుకుని ఆ ముసలిదాని వంక చూస్తూ ఉండిపోయింది. నలభై రోజుల్లో తనమీద ఎవరూ కేకెయ్యలేదు. కడుపులో నుంచి ఏదో పైకి పొంగుకొచ్చింది. ఆపుకోబోయింది. ఆగలేదు. అది నవ్వు. గుమ్మంలో కూలబడి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఓదెలు భయంతో ఆమె తల రెండు చేతులతో పట్టుకున్నాడు. తల తలలాగే ఉంది.

"గట్టయ్య ఏమన్నడు?" కళ్లు తుడుచుకుని అడిగింది.

"పై మళ్లకు పారినంక చూస్తడట. పై మళ్లకు ఎన్నడైతదే?"

బూదవ్వ లేచింది. "పార దించు," అంది భర్తతో.

"నేను దించ. నీకేమన్నయితే?"

"అయితే గట్టు మీద అయితది. ఇక్కడ కూసుంటే మంచంల అయితది."

ఓదెలు అటక కింద అడ్డంగా నిలబడ్డాడు. "నాకు భయమైతున్నది బూదవ్వా."

"నాకు కాదా? ఈ భయాన్ని ఇంట్ల పెట్టుకుని మేపుతున్న. అది బలిసింది, నేను సన్నబడ్డ. ఇగ దాన్ని నా ఎంబడి గట్టు మీదికి తోలుకపోత. నడిచీ నడిచీ అదే అలసిపోతది."

ఓదెలు కాసేపు ఆమె ముఖం చూశాడు. నలభై రోజులుగా కనబడని మనిషి ఆ ముఖంలో కనబడింది. నిచ్చెన వేసుకుని పార దించాడు.

సాయంత్రం చావడి దగ్గర ఊరు కూడింది. దొర గద్దె మీద, పెద్దలు అటూ ఇటూ. వైద్యురాలిని కూడా పిలిపించారు. బూదవ్వ నడిమధ్య పార నేలకు ఆనించి నిలబడింది.

గట్టయ్య ముందుకొచ్చాడు. "దొరా, నాకు ఆమె మీద పగ లేదు. తూము తెరిచి ఉన్నప్పుడు ఆమె తలల అది పగిలి పడిపోతే? తూము పలక దించి నీళ్లు ఆపేటోళ్లు ఎవరు? ఊరు మునుగుతది కదా?"

పెద్దలు తలలూపారు. ఆ మాటలో నిజముంది. బూదవ్వ కూడా తలూపింది.

"గట్టయ్య అడిగింది న్యాయం. తూము కాడ ఇగ నేనొక్కదాన్ని ఉండ. పలకను ఇద్దరెత్తాలె, ఇద్దరు దించాలె. ఇరవై రెండేండ్లు నేనొక్కదాన్నే ఎత్తిన, గొప్పనుకున్న. నా తలల ఏది లేకున్నా అది తప్పే. వానకాలం వరద దినాల్ల ఇంకొకరు నాతోని గట్టు తిరగాలె. ఇవి ఒప్పుకుంటే పార నాది."

"ఇద్దరెందుకు? తల బాగున్న ఒక్కడు చాలడా?" అన్నాడు గట్టయ్య.

బూదవ్వ పార మీద చేతులు వేసి చుట్టూ చూసింది.

"నా తలల ఏమున్నదో నాకు తెలుసు. ఎంత ఉన్నదో తెలుసు. ఎక్కడున్నదో తెలుసు. మందేసుకుంటున్న, చుట్ట మానిన. మీ తలలల్ల ఏమున్నదో మీల ఒక్కరికన్న తెలుసా?"

పెద్దలు ఒకరి తల వంక ఒకరు చూసుకున్నారు.

"అద్దం ఇక్కడికే తెప్పియ్యి అమ్మా," అని వైద్యురాలితో అంది. "తల సాపుగ ఉన్నోళ్లకే పార ఇద్దాం. ముందు గట్టయ్య కూసుంటడు."

గట్టయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకేమైంది? నాకు నొప్పి లేదు, ఏం లేదు."

"నాకు కూడ ఏ నొప్పి లేకుండె."

ఒక పెద్దాయన గేదెను కట్టెయ్యాలని గుర్తొచ్చి లేచాడు. ఇంకొకాయన నేల వంక చూస్తూ గడ్డం నిమురుకున్నాడు. దొర గద్దె మీద నుంచి సగం లేచాడు, ఏదో అనబోయాడు, మళ్లీ కూర్చున్నాడు. చేయి గద్దె అంచును గట్టిగా పట్టుకుని ఉంది.

"పార ఆమెదే," అన్నాడు చివరికి. "పలకకు ఇద్దరిని పెట్టుర్రి."

మూడో రోజున మైసవ్వ మడిలో నీళ్లు పారాయి. ముసలిది కృతజ్ఞత చెప్పలేదు. ఆలస్యమైందని గొణిగింది. బూదవ్వకు అది చాలా బాగుంది.

ఆమె మళ్లీ తెల్లవారుజామునే గట్టు ఎక్కసాగింది. కొన్ని రోజులు చెయ్యి తనంతట తనే కణత మీదికి పోయేది. కొన్ని రోజులు సాయంత్రం దాకా శనగగింజ గుర్తుకే వచ్చేది కాదు. గుర్తొచ్చినప్పుడు పార గట్టిగా పట్టుకుని ఇంకో పది అడుగులు వేసేది. నోరు చుట్ట కోసం గుంజినప్పుడు చింతగింజ చప్పరించేది. ఊళ్లోవాళ్లు గుసగుసలు మానేసి, తమ వంతు నీళ్ల కోసం ఆమెతో మునుపటిలాగే కొట్లాడసాగారు.

ఆరు నెలలకు అద్దం ముందు కూర్చుంది. వైద్యురాలు ఈసారీ చాలాసేపు చూసింది.

"అంతే ఉంది," అంది వైద్యురాలు.

"నేను కూడ అంతే ఉన్న," అంది బూదవ్వ.

తర్వాత వారం తిరక్కముందే, ఒక ఉదయం దొర వైద్యురాలి ఇంటి వైపు నుంచి కాలువ గట్టు మీదికి వచ్చాడు. గొడుగు పట్టే మనిషి లేడు. తలపాగా లేదు. నిండు బిందె నెత్తిన పెట్టుకున్నవాడిలా మెల్లగా, చూసి చూసి అడుగులు వేస్తున్నాడు. బూదవ్వ ఆ నడకను దూరం నుంచే గుర్తుపట్టింది.

ఆయన దగ్గరికి వచ్చి కాసేపు నీళ్ల వంక చూశాడు. తర్వాత ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగాడు.

"మొదటి దినం ఎట్ల గడిపినవు బూదవ్వా?"

ఎక్కడ అని ఆమె అడగలేదు. ఎంత అని కూడా అడగలేదు.

"మొదటి దినం నేను అన్నం తినలేదు దొరా. అది తప్పు జేసిన. మీరు తిన్నరా?"

దొర లేదన్నట్టు చూశాడు.

బూదవ్వ పార పక్కన పెట్టి, కాలువలో చేతులు కడుక్కుని మూట విప్పింది. జొన్నరొట్టె, ఉల్లికారం. రొట్టెను రెండుగా విరిచి పెద్ద ముక్కను ఆయన చేతిలో పెట్టింది. దొర బురద గట్టు మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో వేలాడేసి, దాన్ని చివరి ముక్క దాకా తిన్నాడు.

చావడి అరుగు మీద నుంచి పెద్దలు దూరంగా ఈ ఇద్దరినీ చూశారు. ఆ రోజు దొర నీరటికి ఏమిచ్చి ఉంటాడా అని ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు.